శూన్యంతో సరిపెట్టవచ్చునా?

ఆంగ్లభాషలో 'వాయిడ్' అనే మాట ఒకటి ఉన్నది. దాని అర్థమేమిటని అడిగితే మన విద్యార్థి తడుముకొనకుండా 'శూన్యం' అంటాడు. ఉపాధ్యాయుడు సరేనంటాడు. ఇంతటితో ఆ మాట సంగతి తేలిపోయినదని ఉభయులూ తృప్తి పడతారు. తేలలేదనీ, ఈ తొందరపాటు వల్ల నష్టపడుతున్నది ఆంగ్లం కాదు, తెలుగేననీ నా అభిప్రాయం.

మొదట ఆ మాట పుట్టుక కొంచెం చూడాలి. 'వాయిడ్' పాత ఫ్రెంచి భాష గుండా ఆంగ్లంలోకి వచ్చింది. లాటినులో 'వకారె' అనే క్రియతో దానికి చుట్టరికం. ఖాళీగా ఉండడం, తీరికగా ఉండడం, రెండూ ఆ క్రియకు అర్థాలే. ఉద్యోగపు ఖాళీని చెప్పే 'వేకెన్సీ', పిల్లలకు ప్రియమైన 'వేకేషన్', భౌతికశాస్త్రంలోని 'వేక్యూమ్' ఆ వంశానివే. 'అవాయిడ్' అంటే తప్పించుకొనడమని నేడు నేర్పుతున్నాము గాని, అదీ ఈ యింటి బిడ్డే. తొలుత దాని అర్థం ఖాళీ చేయడం. న్యాయవాదుల భాషలో ఒప్పందాన్ని 'అవాయిడ్' చేయడమంటే ఈనాటికీ దానిని చెల్లకుండ చేయడమే.

ఈ వంశానికి చెందకపోయినా 'ఎంప్టీ' కథ మరీ వింత. ప్రాచీనాంగ్లంలో తీరిక అనే అర్థంగల మాట నుండి అది పుట్టింది. పని లేక తీరికగా ఉన్నవానిని చెప్పిన మాటే వట్టిపాత్రకు కూడ అన్వయించింది. మన ఊళ్లలో 'ఖాళీగా ఉన్నారా?' అని అడిగేవాడు పాత్రలను గూర్చి అడగడం లేదు గదా! అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చిన మన 'ఖాళీ'కి కూడ ఆ రెండర్థాలూ అబ్బినవి.

ఇక వాడుక. నేలను పరీక్షించే ఇంజనీరు మట్టిరేణువుల నడుమ ఉండే సందులను 'వాయిడ్స్' అంటాడు. వాటిలో గాలి ఉండవచ్చును, నీరు ఉండవచ్చును. అంచుల దాకా నీరు నిండినా వాటి పేరు మారదు. ఖగోళజ్ఞులు 1981లో భూతేశ మండలం దిశగా గెలాక్సీలు అతి పలుచగా ఉన్న ఒక మహావకాశాన్ని కనుగొన్నారు. దాని అడ్డుకొలత సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాలు. దానికీ 'వాయిడ్' అనే పేరు. తరువాత వెదకగా అందులోనూ పదులకొద్దీ గెలాక్సీలు కనబడినవి. వైద్యశాలలో ఈ మాట క్రియాపదమై మూత్రవిసర్జనను చెబుతుంది. రోగి పత్రంలో అది చూచి 'శూన్యం' అని వ్రాసే అనువాదకుని గతి మీరే ఊహించుకొనండి.

నేటి విద్యార్థులలో చాలమందికి ఈ మాట ఆంగ్ల కవిత్వంలో గాక కంప్యూటరు పాఠంలో మొదట ఎదురవుతున్నది. 'సి' అనే కంప్యూటరు భాషను వివరిస్తూ 1978లో వెలువడిన ప్రసిద్ధ గ్రంథపు తొలి కూర్పులో ఈ మాట లేదు. 1989 నాటి ప్రామాణిక రూపంలో ఉన్నది. ఒక ప్రమేయం తన పని తాను చేస్తుంది గాని, పిలిచినవారికి విలువ ఏదీ తిరిగి ఇవ్వదని చెప్పడానికి అక్కడ దానిని వాడతారు. పని జరుగుతూనే ఉన్నది; ఇక శూన్యం ఎక్కడ?

వీటన్నింటిలో 'వాయిడ్' చెప్పేది ఏమీ లేదని కాదు. ఉంటుందని మనం ఎదురుచూచినది అక్కడ లేదని. ఈ సూక్ష్మం తెలుగువానికి ఒకరు నేర్పవలసినది కాదు. ఏది లేదో దానినిబట్టి లేమికి పేరు పెట్టడం మన భాషకు వెన్నతో పెట్టిన విద్య. పళ్లు లేనిది బోసినోరు. నగ లేనిది బోసిమెడ. ఆడపిల్ల అత్తవారింటికి వెళ్లిన మరునాడు ఇల్లు బోసిపోతుంది. గింజ పట్టని వడ్లు తాలు. పురుగు తొలిచినది గుల్ల. అప్పులపాలైన సంసారమూ గుల్లే. వెదురు బోలు. పస లేని వాదం డొల్ల. పసిపిల్లలున్న ఇంటికి పండైనా తేకుండ వచ్చిన చుట్టం వట్టిచేతులతో వచ్చినాడు. కుండలో నీరు ముప్పాతిక ఉన్నా, నిండవలసినంత నిండలేదు గనుక అది వెలితి. ఊరి వెలుపల అడ్డు లేని చోటు బయలు. అక్కడ లేమి అనే బాధే లేదు, విశాలత ఒక్కటే ఉన్నది. వీటిలో ఏ ఒక్కదానిని తీసివేసి 'శూన్యం' పెట్టినా వాక్యం చచ్చిపోతుంది.

నాకు మిక్కిలి ప్రియమైనది వంటయింటి మాట. డబ్బాలో బియ్యం అయిపోతే మన ఇల్లాండ్రు 'లేవు' అనరు, 'నిండుకొన్నవి' అంటారు. ఇంట్లో లేదనే మాట పలుకరాదని ఆ జాగ్రత్త. లేమిని నిండుదనంతో చెప్పిన ఆ తల్లి ఎవరో గాని, మా బోటి భాషాపండితులను మించినది. మన లిపిలోనూ ఇటువంటిదే ఉన్నది. అనుస్వారాన్ని బడిలో 'సున్న' అంటాము. అందులో నిండుసున్న ఒకటి, అరసున్న ఒకటి. సంస్కృతపు 'శూన్య' శబ్దమే ప్రాకృతం మీదుగా మనకు 'సున్న' అయినది. శూన్యానికి నిండుదనమేమిటి, సగమేమిటి అని ఇన్నేళ్లలో ఒక్క విద్యార్థి నన్నడగలేదు. అడిగితే చెప్పడానికి చాల ఉన్నది. సంస్కృత గణితగ్రంథాలలో అంకెలను మాటలతో చెప్పేటప్పుడు సున్నకు 'గగన', 'అంబర' వంటి ఆకాశవాచకాలతోబాటు 'పూర్ణ' శబ్దాన్ని కూడ వాడినారు. 'శూన్య' శబ్దానికి, ఉబ్బడం అనే అర్థంగల ధాతువుతో సంబంధం చెబుతారు. ఉబ్బినదాని లోపల బోలు ఉంటుంది గదా! బ్రహ్మగుప్తుడు 628లో ఆ శూన్యంతో కూడిక, తీసివేత, గుణకారం ఎట్లు చేయాలో సూత్రాలు చెప్పినాడు. అరబ్బులు దానిని 'సిఫ్ర్' అన్నారు. అది ఇటలీ చేరి కాలక్రమాన 'జీరో' అయినది.

కనుక నాకు శూన్యం మీద కోపం లేదు. దానిని గోనెసంచి చేసి, ఎదురైన ప్రతి లేమినీ అందులో కుక్కడం మీదనే. అట్లు కుక్కినందువల్ల ఆ మాటకే అన్యాయం జరుగుతున్నది. నాగార్జునాచార్యుని విషయం చూడండి. కృష్ణాతీరంలోని శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆ మహామేధావి 'మూలమధ్యమకకారిక'లో బోధించినది శూన్యత. వస్తువేదీ లేదని ఆయన చెప్పలేదు. ఏ వస్తువూ ఇతరాన్ని ఆశ్రయించకుండ తనంతట తానుగా సిద్ధించిన స్వభావం కలది కాదన్నాడు. ప్రతీత్యసముత్పాదమని బుద్ధుడు చెప్పినదానినే శూన్యత అన్నాడు. ఈ శూన్యతను పాశ్చాత్య పండితులు కొందరు 'వాయిడ్' అని అనువదించినారు. అది చదివి, ఇది సర్వమూ లేదనే మతమని భ్రమపడినవారూ ఉన్నారు. మన పిల్లవాడు ఆ ఆంగ్లగ్రంథాన్నే చదివి, 'వాయిడ్'ను తిరిగి 'శూన్యం' చేసి, శూన్యమంటే ఏమీ లేకపోవడమని వ్రాస్తున్నాడు. కృష్ణ ఒడ్డున విలసిల్లిన శబ్దం సముద్రాలు దాటి, ఒంటిమీది సొమ్మంతా పోగొట్టుకొని ఇల్లు చేరినట్లున్నది.

పత్రికల వారితో నాకొక చిన్న తగవు. ఒక పెద్దమనిషి పోతే 'ఆయన మరణం శూన్యాన్ని మిగిల్చింది' అని వ్రాయడం ఈమధ్య అలవాటైనది. ఇది ఆంగ్లవాక్యానికి తెలుగు తొడుగు. మనకు 'లోటు' అనే చక్కని మాట ఉన్నది. అయితే 'తీరని లోటు' అనేది కూడ ప్రతి సంతాపసభలోనూ నలిగి డొల్లపడినదని ఒప్పుకొనవలసినదే.

ఇంతవరకూ చెప్పినది పండితుల గొడవ అనుకొన్నా, న్యాయశాస్త్రానికి వచ్చేసరికి ఇది మనుష్యుల బ్రదుకులకు తగులుతున్నది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం రెండు స్థితులను వేరు చేసింది. చట్టం అమలు జరపని ఒడంబడిక 'వాయిడ్'. మోసానికో బలవంతానికో లోనైనవాడు కాదనేదాకా చెల్లుబాటయ్యే ఒప్పందం 'వాయిడబుల్'. మైనరు చేసిన ఒడంబడిక మొదటి తెగలోనిదని ప్రీవీ కౌన్సిలు 1903లో తీర్పు చెప్పింది. మొదటిదానికి 'శూన్యం' అనీ, రెండవదానికి దాని తోకకు ఇంకొక సంస్కృత ప్రత్యయం తగిలించీ పేర్లు పెట్టేవారున్నారు. చెల్లని కాసు అంటే ఏమిటో కూరలమ్మే అవ్వకు తెలుసును. 'చెల్లనిది', 'కాదనదగినది' అంటే ఆమెకు చట్టం సగం అర్థమవుతుంది. శూన్యమంటే ఆమెకేమి అర్థం కావాలి?

1955 నాటి హిందూ వివాహచట్టం పదకొండవ విభాగంలో ఈ 'వాయిడ్' మరల కనబడుతుంది. భార్య బ్రతికి ఉండగా, విడాకులు లేకుండ చేసికొన్న రెండవ పెళ్లి అటువంటిది. దానిని శూన్యవివాహం అంటే, అసలు పెళ్లే లేదనీ, ఆ కడుపున పుట్టినవారికి దిక్కే లేదనీ వినేవానికి తోస్తుంది. చట్టం అట్లనడం లేదు. 1976లో సవరించిన పదహారవ విభాగం ప్రకారం ఆ పిల్లలు ధర్మసంతానమే. తలిదండ్రుల ఆస్తిలో వారికి హక్కు కలదు. ఉమ్మడి ఆస్తిలో తలిదండ్రుల వంతుకు వచ్చేదానిలోను ఆ హక్కు ఉన్నదని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది. పల్లెలలో ఇప్పటికీ కోర్టు కాగితం వస్తే దానిని పట్టుకొని మొదట బడిపంతులు దగ్గరకే వస్తారు. పదిహేనేండ్ల కుర్రవాడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చి కాగితం చేతికిచ్చినప్పుడు, ఆ మాస్టరు 'మీ అమ్మ పెళ్లి శూన్యమని వ్రాసినారు' అంటాడా, లేక 'ఆ పెళ్లి చట్టానికి చెల్లదన్నారు గాని, నీ వాటా నీకు చెల్లుతుంది నాయనా' అంటాడా?