మోహానికి పిచ్చి అని పేరు పెట్టొద్దు

నేలకొండపల్లి అనగానే చాలామందికి భక్త రామదాసు గుర్తుకొస్తాడు. ఖమ్మం జిల్లాలోని ఈ ఊరికి ఇంకో కథ కూడా ఉంది. పూర్వం విరాటరాజు ఏలిన నగరం ఇదేనని ఇక్కడివాళ్ళు నమ్ముతారు. కీచకగుండం అని ఒక చోటు చూపిస్తారు. పురాణం జరిగిందా లేదా అన్న చర్చ మనకు అక్కర్లేదు. ఇక్కడి మట్టిదిబ్బల్లో పురావస్తు శాఖవాళ్ళకు దొరికింది బౌద్ధ స్తూపం. కానీ కీచకుడి కథ మన నోళ్ళలో ఇంకా బతికే ఉంది. దాన్ని మనం ఎలా చెప్పుకుంటున్నాం అన్నదే నా ప్రశ్న.

కీచకుడు మోహంతో కన్నూమిన్నూ కానక చెడ్డాడని చెప్పుకుంటాం. 1963లో వచ్చిన 'నర్తనశాల'లో ఎస్.వి. రంగారావు కీచకుణ్ణి చూసి తెలుగు లోకమంతా మెచ్చుకుంది. అదే కథను సైరంధ్రి వైపు నుంచి చూస్తే మోహం కన్నా అధికారమే ఎక్కువ కనిపిస్తుంది. అతను సేనాపతి, రాణికి స్వయానా తమ్ముడు. ఆమె అంతఃపురంలో పనిమనిషి. ఆమె కాదన్నాక అతను అక్క దగ్గరికి వెళ్ళి ఏర్పాటు చేయించుకున్నాడు. సైరంధ్రి వద్దని మొత్తుకున్నా, మద్యం తెమ్మన్న నెపంతో రాణి ఆమెను అతని ఇంటికే పంపింది. నిండు సభలో అతను ఆమెను కాలితో తన్నినప్పుడు రాజు న్యాయం చెప్పలేదు. అతను చచ్చాక ఉపకీచకులు ఆమె వల్లే చచ్చాడని శవంతోపాటు ఆమెను కాల్చడానికి ఈడ్చుకుపోయారు. చివరికి ఊరు వదిలి పొమ్మన్నదీ ఆమెనే. ఇందులో మతి చెడినవాడు ఎవడూ లేడు. ఎవరి స్థానం ఏమిటో, ఎవరి మీద చెయ్యి వేస్తే అడిగేవాళ్ళు లేరో అందరికీ తెలుసు.

ఇవాళ మన పత్రికలు ఇలాంటి మగవాడికి 'ప్రేమోన్మాది' అని పేరు పెట్టాయి. ఆ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే నరికి చంపినప్పుడు ఈ మాట విన్నాం. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసినప్పుడూ విన్నాం. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి దక్కలేదు. యాసిడ్ కొనడం, ఆమె వచ్చే దారి, వచ్చే వేళ చూసుకోవడం, తోడు మనుషుల్ని పెట్టుకోవడం మతి తప్పినవాడు చేసే పనులు కావు. తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పని తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే చట్టం మినహాయింపు ఇస్తుంది. కాదన్న ఆడపిల్లను శిక్షించాలనుకున్నవాడు ఆ కోవలోకి రాడు.

వరంగల్లు కేసులో ముగ్గురు నిందితులూ కొద్ది రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలామంది సంబరం చేసుకున్నారు. దాడికి ముందు ఆ అమ్మాయిలకు రక్షణగా ఎవరు నిలబడాల్సింది, ఎందుకు నిలబడలేదు అన్న విచారణ మాత్రం కోర్టులో జరగకుండానే పోయింది. ఉన్మాది పీడ విరగడైందనుకుంటే మనం అడగాల్సిన ప్రశ్నలు కూడా వాడితోపాటే పోతాయి. వెంటపడటాన్ని ప్రేమగా చూపించే సినిమాలను, "మగపిల్లాడు, నాలుగు రోజులు తిరిగి మానుకుంటాడులే" అనే పెద్దమనుషులను, ఫిర్యాదు తీసుకోని స్టేషన్లను ఎవరూ నిలదీయరు.

ఈ మాట వల్ల అన్యాయమయ్యేవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. వాళ్ళు నిజంగా మానసిక జబ్బుతో బాధపడుతున్నవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఎవరికీ హాని చేయరు. ఎదుటివాళ్ళ చేతుల్లో దెబ్బలు తినేది ఎక్కువగా వాళ్ళే. నేరానికి ఉన్మాదమని పేరు పెట్టిన ప్రతిసారీ, మందులు వాడుకుంటూ పని చేసుకుంటున్న మనిషిని పక్కింటివాళ్ళు భయంగా చూస్తారు.

ఇక ఆడదాని విషయంలో ఇదే మాట తిరగబడుతుంది. మగవాడి మోహం హద్దు దాటితే ప్రేమ ఎక్కువై పిచ్చెక్కిందని జాలిపడతారు. ఆడది తనకు నచ్చినవాణ్ణి కోరుకుంటే, ఇష్టంలేని కాపురం వద్దంటే, ఆమెకే పిచ్చి అంటారు. దయ్యం పట్టిందని భూతవైద్యుడి దగ్గర కొట్టిస్తారు.

ఈ సంగతి మన దేశానికే పరిమితం కాదు. ఇటలీ దర్శకుడు మార్కో బెలోకియో 1986లో 'డయావొలో ఇన్ కార్పో' అనే సినిమా తీశాడు. ఆ పేరుకు ఒంట్లో దయ్యం అని అర్థం. పెళ్ళి కుదిరిన ఒక యువతి మీద ఒక బడి కుర్రవాడు మోజు పడతాడు, ఆమె కూడా అతన్ని కోరుకుంటుంది. ఆమె మనసు నిలకడ లేనిది. ఆమెకు గతంలో వైద్యం చేసిన మానసిక వైద్యుడు ఆ కుర్రవాడి తండ్రే. లోకం ఆ సినిమాలోని పడకగది దృశ్యం గురించే మాట్లాడుకుంది. స్త్రీ శరీరాన్నీ ఆమె జబ్బునూ కలిపి వేడుకగా చూపించారన్న విమర్శ న్యాయమైనదే. అయినా అందులో మనకు పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఆమె కోరికకూ ఆమె జబ్బుకూ మధ్య గీత ఎవరు గీస్తున్నారు? వైద్యుడా, కాబోయే అత్తింటివాళ్ళా, ఆమా? ఇదే బెలోకియో 1975లో మానసిక ఆస్పత్రుల్లో మగ్గుతున్నవాళ్ళ మీద మిత్రులతో కలిసి డాక్యుమెంటరీ తీశాడు. వైద్యుడు ఫ్రాంకో బసాలియా నడిపిన ఉద్యమ ఫలితంగా 1978లో ఇటలీ పిచ్చాసుపత్రులను మూసివేసే చట్టం తెచ్చుకుంది.

మన దగ్గర ఈ గీతను ఎక్కువగా గీసేది భర్త తరఫు లాయరు నోటీసు. హిందూ వివాహ చట్టం కింద మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. దీన్ని అడ్డం పెట్టుకుని ఎన్ని కాపురాలు కూలుస్తారో మన కౌన్సెలింగ్ కేంద్రాల్లో పనిచేసేవాళ్ళకు తెలుసు. 2013లో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో తీర్పు చెప్పింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లే. భార్యకు స్కిజోఫ్రీనియా అని భర్త విడాకులు కోరాడు. అది రక్తపోటు, మధుమేహం లాగే మందులతో అదుపులో ఉంచుకోగల జబ్బని, జబ్బు ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమని కోర్టు భర్త అప్పీలును కొట్టివేసింది. ఈ తీర్పు ప్రతి కార్యకర్త చేతిలో ఉండాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరో అడుగు ముందుకు వేసింది. ఒక మనిషి తన సమాజపు నీతినియమాలకు కట్టుబడి లేనంత మాత్రాన మానసిక రోగి అని తేల్చకూడదని మూడో సెక్షన్ చెబుతోంది. జబ్బు ఉందని తేలినా, కోర్టు ప్రకటిస్తే తప్ప ఆ మనిషిని మతిస్థిమితం లేని మనిషిగా భావించడానికి వీల్లేదు. ఇంటివాళ్ళు తీసుకుపోవడం లేదన్న కారణంతో ఎవరినీ ఆస్పత్రిలో ఉంచేయకూడదు. ఉచిత న్యాయ సహాయం రోగి హక్కు.

కనుక మనం చేయాల్సిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ఒక అమ్మాయి వెంటపడుతున్నారని చెప్పిన మొదటి రోజే ఫిర్యాదు రాయించాలి. 2013లో నేరంగా చేర్చిన ఈ వేధింపు ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారి నేరానికి మూడేళ్ళ వరకు, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ వరకు శిక్ష ఉంది. అమ్మాయిని చదువు మాన్పించడం పరిష్కారం కాదని తల్లిదండ్రులకు చెప్పాలి. అది సైరంధ్రిని ఊరు వదలమన్నట్టే అవుతుంది. ప్రేమోన్మాది అన్న మాట మానుకొమ్మని విలేకరులను అడగాలి. భార్యకు పిచ్చి అని ఎవరైనా వస్తే ఏ వైద్యుడు చూశాడు, ఎన్నాళ్ళు చూశాడు, అంతకు ముందు ఆ ఇంట్లో ఏం జరిగింది అని ఆరా తీయాలి. ఆమెతో విడిగా మాట్లాడాలి.

నిజంగానే ఆమెకు జబ్బు ఉంటే దాచమని చెప్పొద్దు. వైద్యం ఇప్పించాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. జబ్బు ఉన్న స్త్రీకి కూడా ఇల్లు, పిల్లలు, ఆస్తి, కోరిక అన్నీ ఉంటాయి. వాటి మీద ఆమెకున్న హక్కు మందు చీటీతో రద్దు కాదు.