పది ఆదివారాల కప్పు

ఫ్రాన్సుకు ఉత్తరపు కొసన, ఇంగ్లండుకు ఎదురుగా సముద్రం ఒడ్డున కాలే అనే రేవు పట్టణం ఉంది. జనాభా దాదాపు మన బాపట్లంత, డెబ్భై వేలకు అటూఇటుగా. ఒకప్పుడు లేసు అల్లే మిల్లుల మీద బతికిన ఊరు. ఆ యంత్రాలను 19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నారు. 2000 మే 7న ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు పారిస్ పక్కనున్న స్టాద్ ద ఫ్రాన్స్‌లో, కిక్కిరిసిన స్టేడియంలో, ఫ్రెంచి జాతీయ కప్పు ఫైనల్ ఆడింది. అప్పటికి ఆ జట్టు నాలుగో డివిజన్‌లో ఉంది. జీతం కోసం బంతి తన్నేవాళ్ళు కారు ఆ ఆటగాళ్ళు. పొద్దున రేవులోనో ఆఫీసులోనో బడిలోనో పని చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకు వచ్చేవాళ్ళు.

ఆ ఏడాది వాళ్ళ దారి చూడండి. రెండో డివిజన్‌లో ఉన్న లీల్ జట్టును పెనాల్టీల మీద ఓడించారు. అదే డివిజన్ కాన్ జట్టును మళ్ళీ పెనాల్టీల మీదే గెలిచారు. క్వార్టర్ ఫైనల్లో మొదటి డివిజన్ స్ట్రాస్‌బూర్ 2–1తో పోయింది. సెమీఫైనల్లో ఎదురైంది బోర్డో, అంతకుముందు ఏడాది ఫ్రాన్స్ లీగ్ చాంపియన్. సొంత మైదానం చాలక ఆ మ్యాచ్‌ను లాన్స్ పట్టణంలోని పెద్ద స్టేడియంలో పెట్టారు. అదనపు సమయంలో 3–1తో కాలే గెలిచింది. ఫైనల్లో నాంత్ మీద మొదటి గోల్ కూడా కాలే జట్టుదే, 34వ నిమిషంలో జెరోమ్ ద్యుతిత్ర్ కొట్టాడు. విరామం తర్వాత నాంత్ తరఫున ఆంత్వాన్ సిబియెర్స్కీ సమం చేశాడు. ఇక అదనపు సమయమే అనుకుంటుండగా 90వ నిమిషంలో పెనాల్టీ వచ్చింది, దాన్నీ అతనే గోల్ చేశాడు. 2–1. కప్పు అందుకునే వేళ నాంత్ కెప్టెన్, గోల్‌కీపర్ మికాయెల్ లాండ్రో ఓడిన జట్టు కెప్టెన్ రెజినాల్ బెక్‌ను పిలిచాడు, ఇద్దరూ కలిసి దాన్ని పైకెత్తారు.

కాలే ఆటగాళ్ళ పట్టుదల గొప్పదే. అయితే పట్టుదలకు మన పల్నాడులోనూ, మార్టూరు అద్దంకి వైపూ కొదవ లేదు. ఆ పట్టుదలకు ఫైనల్ దాకా దారి వేసిన ఏర్పాటు మాత్రం మన దగ్గర లేదు. చెప్పాల్సింది దాని గురించే.

ఆ కప్పు 1917–18లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, 48 క్లబ్బులతో మొదలైంది. ఇప్పుడు ఏటా వేల క్లబ్బులు బరిలోకి దిగుతాయి. పల్లెటూరి జట్టయినా సమాఖ్యలో నమోదై ఉంటే చాలు, తలుపు తీసే ఉంటుంది. పెద్ద క్లబ్బులు చివరి అంచెల్లో వచ్చి కలుస్తాయి. ఎవరికి ఎవరు అన్నది లాటరీ తేలుస్తుంది. అందులో ఒక నియమం నాకు అన్నిటికంటే నచ్చింది. రెండు జట్ల మధ్య కనీసం రెండు డివిజన్ల తేడా ఉంటే, చీటీలో ఎవరి పేరు ముందొచ్చినా, మైదానం సరిపోతే మ్యాచ్ చిన్న జట్టు ఊళ్ళోనే జరగాలి. కోట్లు తీసుకునే ఆటగాళ్ళు బస్సెక్కి ఆ పల్లెకు రావాలి, ఆ ఎగుడుదిగుడు మైదానంలో ఆడాలి, ఆ ఊరి పిల్లలు గట్టు మీద నిలబడి చూడాలి. దూరం కూడా అడ్డు కాదు. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి నుంచి సెయింట్ పియర్ జట్టు వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చి 2020 జనవరిలో నియోర్ అనే రెండో డివిజన్ జట్టును 2–1తో ఓడించి వెళ్ళింది.

మన దేశంలో కప్పులు లేవని కాదు. డ్యూరాండ్ కప్పు 1888 నాటిది, ఆసియాలోనే పాతది. తెలుగునేల పేరు కూడా వాటి మీద గట్టిగానే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రహీం శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1965–66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. కానీ ఆ వైభవమంతా హైదరాబాదు, సికింద్రాబాదు మైదానాల్లో పెరిగింది. కృష్ణ దాటి ఇటు పత్తి చేలలోకి, మిరప తోటల్లోకి రాలేదు.

మనది కబడ్డీ నేల. సంక్రాంతికో, శివరాత్రికో, ఊరి తిరునాళ్ళకో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఎక్కడో ఒకచోట ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి. నల్లరేగడి ఎండితే రాయిలా ఉంటుంది, పడితే మోకాలి చిప్ప పగులుతుంది. అందుకని ట్రాక్టరుతో మెత్తటి మట్టి తోలించి, దాని మీద రంపపు పొట్టు చల్లి, నీళ్ళు చిలకరించి చదును చేస్తారు. చుట్టూ కర్రలు పాతి తాడు కడతారు. స్టీలు పళ్ళెంలో చీటీలు వేసి చిన్నపిల్లాడి చేత తీయిస్తారు. మైకులో ఒకాయన గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉంటాడు: తర్వాతి మ్యాచ్ జట్లు కోర్టు దగ్గరికి రావాలి, రాకపోతే ఎదుటివాళ్ళకు ఇచ్చేస్తాం. అర్ధరాత్రి దాటాక అసలు జట్లు దిగుతాయి. కూతకెళ్ళినవాడి నడుము పట్టుకుని నలుగురు మీద పడితే లేచే దుమ్ము లైట్ల వెలుగులో పసుపుపచ్చగా కనిపిస్తుంది. ఆడవాళ్ళు డాబాల మీది నుంచి చూస్తారు. తెల్లవారుతుండగా ఫైనల్. తండ్రి జ్ఞాపకార్థం ఒకరు, తాత జ్ఞాపకార్థం ఒకరు బహుమతులిస్తారు. శాలువాలు, ఫొటోలు అయిపోతాయి.

మర్నాడు మధ్యాహ్నానికి అక్కడ ఏమీ ఉండదు. కర్రలు పీకేస్తారు, తాడు చుట్టేస్తారు. పదేళ్ళ కిందట ఆ పందెం ఎవరు గెలిచారో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. ఫ్రెంచి కప్పుకు 1918 నుంచి ప్రతి ఫైనల్ లెక్కా ఉంది. మన ఊళ్ళో గెలిచిన జట్టులో ఆ ఊరివాళ్ళు ఇద్దరే ఉండొచ్చు. మిగతావాళ్ళను బయట నుంచి డబ్బిచ్చి తెస్తారు. అదే కుర్రాడు సంక్రాంతికి ఒక ఊరి బనీను, శివరాత్రికి ఇంకో ఊరి బనీను వేసుకుంటాడు. ఆ కుర్రాణ్ణి నేను తప్పు పట్టను, అతని వయసూ బలమూ ఉన్న నాలుగేళ్ళలోనే సంపాదించుకోవాలి. కానీ జట్టు అనేది లేకుండా పోతోంది. నమోదు లేదు, నిలకడైన కోచ్ లేడు, పన్నెండేళ్ళ పిల్లాడు చేరడానికి ఒక గడప లేదు.

పోటీలో న్యాయం అంటే ఏమిటో మన ప్రాంతానికి తెలియదని ఎవరూ అనలేరు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు తెలుసు, పళ్ళను బట్టి విభాగాలు పెడతారు. రెండు పళ్ళ జతను ఆరు పళ్ళ జతతో పోటీకి నిలబెట్టరు. పశువు వయసుకు, బలానికి అంత విలువిచ్చిన పద్ధతి ఇది. ఫ్రెంచి కప్పు ఇంకో రకం న్యాయం చేస్తుంది. పెద్దనూ చిన్ననూ ఒకే బరిలో నిలబెట్టి, చిన్నవాడికి సొంతగడ్డను ఇస్తుంది. ఎడ్లకు మొదటిదే సరి. మనుషులకు రెండోది కూడా కావాలి. తన స్థాయివాడితోనే ఆడుతూ పోతే, తనకు పైనున్నవాడు ఎలా ఆడతాడో పల్లె కుర్రాడికి ఎప్పటికీ తెలియదు.

ఇలాంటి మెట్లదారి మన రాష్ట్రంలో ఒకసారి వేశారు. 2023 డిసెంబరు 26న గుంటూరు పక్కన నల్లపాడులోని లయోలా పబ్లిక్ స్కూల్ మైదానంలో ‘ఆడుదాం ఆంధ్రా’ మొదలైంది. గ్రామ, వార్డు సచివాలయం నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా దాటి రాష్ట్రస్థాయి దాకా పోటీలు. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్. ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ విడివిడిగా. 2024 ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో ముగింపు. ప్రభుత్వాలు, పార్టీల తగవు పక్కన పెట్టి చూస్తే ఆ నమూనా సరైనది. సచివాలయం మెట్టు నుంచి బయల్దేరిన జట్టు ఓడకుండా పోతే విశాఖ దాకా వెళ్ళే దారి అది. రెండో ఏడాది ఆ పోటీలు జరగలేదు. కాలేకు 2000లో దొరికిన అవకాశం వెనక అప్పటికే ఎనభై ఏళ్ళకు పైగా నడిచిన పోటీ ఉంది. ఒక్క ఏడాది నడిచి ఆగినదాన్ని నమ్ముకుని ఏ ఊరూ జట్టు పెంచదు.

ఇంకొక సంగతి మన నేలకే చెందింది. ఆ పోటీలు నడిచిన రోజుల్లో, అంటే డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా, ఇక్కడ ఎవరి చేతులూ ఖాళీగా ఉండవు. పత్తి తీతలు ఇంకా మిగిలి ఉంటాయి. సంక్రాంతి ముందూ వెనకా మిరప కోతలు అందుకుంటాయి. కోతకు వచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో దిగి తోటల దగ్గర గుడిసెలు వేసుకుంటారు. పొద్దున ఎనిమిదింటికి తోటలో ఉండాల్సిన పిల్ల అదే ఎనిమిదింటికి మండల కేంద్రంలో ఖోఖో ఆడాలంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవాలి. కొడుకు కల్లంలో కాయ ఎండబెట్టాలి, యార్డుకు బస్తాలు తోలాలి. ఏ పోటీకి అయినా తేదీ వేసేవాళ్ళు ముందు పంట క్యాలెండర్ చూడాలని నా అభిప్రాయం. ఫ్రాన్సులో కప్పును ఎండాకాలం చివర మొదలుపెట్టి మరుసటి వసంతం దాకా సాగదీస్తారు. చిన్న జట్ల అంచెలు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పడతాయి. రేవు కూలీ పని మానకుండా ఫైనల్ దాకా వెళ్ళగలిగాడంటే అందుకు ఆ తేదీలు కూడా కారణం.

మనకు అలాంటి ఖాళీ ఉంది. ఉగాది నాటికి కోతలు చివరికొస్తాయి. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తారు. ఏరువాక పున్నమికి మళ్ళీ అరక కడతాం. ఉగాది నుంచి ఏరువాక దాకా రెండున్నర నెలలు, అంటే పది ఆదివారాలు. ఎండ సంగతి అంటారా, మనవాళ్ళు కబడ్డీని రాత్రే ఆడతారు కదా. నాకౌట్ లెక్క ఇక్కడే అందంగా కుదురుతుంది. ప్రతి అంచెకూ జట్లు సగమవుతాయి కాబట్టి పది ఆదివారాల్లో 1,024 ఊళ్ళ జట్ల మధ్య పోటీ తేలిపోతుంది. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి అన్ని జట్లు రావడం అసాధ్యమేమీ కాదు. మొదటి ఆదివారం 512 ఊళ్ళలో ఒకేసారి కోర్టులు వెలుగుతాయి. చిన్న ఊరికే సొంతగడ్డ అన్న నియమం పెడితే పెద్ద స్టేడియాలు కట్టక్కర్లేదు. బడి ఆవరణ, రెండు లైట్లు, ఒక రిఫరీ చాలు. ఆటగాడు ఆ సీజనంతా ఒకే ఊరికి ఆడాలన్నది ఒక్కటి గట్టిగా పట్టుకోవాలి.

దీనిలో లోపమూ ఉంది. 512 జట్లు మొదటి రాత్రే ఇంటికి పోతాయి. మూడు నెలలు సాధన చేసి నలభై నిమిషాలు ఆడి ఆగిపోవడం ఏ కుర్రాడికైనా చేదే. ఫ్రాన్సులో కప్పు ఓడిన జట్టుకు వచ్చే ఆదివారం లీగ్ మ్యాచ్ ఉంటుంది, అందుకే అది తట్టుకుంటుంది. కాబట్టి మండలానికొక చిన్న లీగ్ లేకుండా కప్పు ఒక్కటే పెడితే నిలవదు. అనంతపురం జిల్లాలో ఆర్డీటీ సంస్థ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ లీగ్ నడిపి చూపించింది. అంతకంటే ఎండిన నేలలో సాధ్యమైనది ఇక్కడ కాదని ఎలా అంటాం?

డబ్బు గురించి కూడా కాలేనే అడగాలి. ఆ ఫైనల్ తర్వాత ఊరికి ఆశలు పెరిగాయి. 2008లో పన్నెండు వేలమంది పట్టే కొత్త స్టేడియం తెరిచారు. జట్టు ఆదాయం ఆ స్థాయికి ఎదగలేదు, అప్పులు పెరిగాయి. 2017లో కోర్టు క్లబ్బును మూసేసింది. బోర్డోను ఓడించిన జట్టు ఇప్పుడు లేదు. కప్పు మాత్రం ఆ ఏడాదీ జరిగింది, తర్వాతా జరుగుతోంది. మన దగ్గర దాతలు ముందుగా అడిగేది స్టేడియం శిలాఫలకం మీద పేరు. ఆ డబ్బుతో రిఫరీల దారి ఖర్చులు, గాయపడినవాడి ఆస్పత్రి బిల్లు, ఫలితాలు రాసే రిజిస్టరు వస్తే పోటీ ఇరవై ఏళ్ళు నిలుస్తుంది.

ఈ సంక్రాంతికి ఊళ్ళో కబడ్డీ పెట్టబోతున్న యువజన సంఘాలకు, బహుమతులిచ్చే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పక్క నాలుగు ఊళ్ళవాళ్ళతో కూర్చోండి. మొదటి బహుమతిలో సగం పక్కన పెట్టి, వచ్చే ఉగాది తర్వాతి ఆదివారానికి తేదీ వేయండి. ఏ జట్టులో ఎవరు ఆడతారో ఒక నోటుపుస్తకంలో రాయించి సంతకాలు పెట్టించండి. ఫైనల్ రోజు బహుమతి ఇచ్చే వేదిక మీదే మరుసటి ఏడాది మొదటి ఆదివారం తేదీని మైకులో చెప్పించండి.