వాల్వు రేడియోకు బోర్డెందుకు?

తిరుపతి, చిత్తూరు వైపు పాత ఇళ్లు పడగొట్టేటప్పుడు అటకల మీది నుంచి మర్ఫీలు, బుష్‌లు, ఫిలిప్స్‌లు దిగుతుంటాయి. మా షాపుకు తెచ్చేవాళ్లు అడిగేది దాదాపు ఒకటే: "అన్నా, ఇది మా నాయన రేడియో. లోపల ఆ తీగల కంపంతా పీకేసి ఒక బ్లూటూత్ బోర్డు పెట్టేయ్." ఆ పని నేను చెయ్యను.

ఆ కంపకు ఒక వరస ఉంది. రేకు షాసీకి వాల్వు బేసులు రివెట్లతో బిగించి ఉంటాయి. పక్కనే ట్యాగ్ స్ట్రిప్పులు. రెసిస్టరు కాలును ట్యాగుకు మెలిపెట్టి, ఆ తర్వాతే సోల్డరు పెట్టారు. సోల్డరు సత్తువ తగ్గినా జాయింటు ఊడిరాదు. మద్రాసు రేడియో స్టేషను 1938లో మొదలైంది, కడప 1963లో. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోన్ తెలుగు పాటలు సరేసరి. అవన్నీ వినిపించిన ఈ సెట్లు ఎందరు మెకానిక్కుల చేతులు మారాయో! అయినా షాసీ చెక్కుచెదరలేదు.

వాల్వు రోజుల చివర్లో కొన్ని సెట్లకు ప్రింటెడ్ బోర్డు వచ్చింది. గోధుమరంగు ఫినాలిక్ అట్ట. ఈఎల్ 84 లాంటి అవుట్‌పుట్ వాల్వుకు ఫిలమెంటుకే 5 వాట్ల దాకా పోతుంది, ప్లేటు మీద 12 వాట్ల వరకూ పడొచ్చు. ఆ సెగకు అట్ట ఏళ్ల తరబడి మాడి నల్లబడుతుంది, రాగి గీత పొరలా లేస్తుంది. మాడిన చోట మిగిలేది బొగ్గు. బొగ్గు కరెంటు మోస్తుంది, ఇక చిటపటలు. వాల్వు పీకి పెట్టినప్పుడల్లా బలమంతా ఆ సన్నని రాగి మీదే. పిన్ను చుట్టూ కంటికి ఆనని పగులు పడుతుంది. పెట్టెను తడితే పాడుతుంది, వదిలితే మూగపోతుంది. అమెరికాలో జెనిత్ కంపెనీ 'మా టీవీలో ప్రింటెడ్ సర్క్యూట్ లేదు' అని ప్రకటనలిచ్చి మరీ అమ్ముకుందంటే ఊరికే కాదు.

అలాగని బోర్డును తిట్టే జట్టులో నేను లేను. చేతి వైరింగులో ఒకే మోడల్ సెట్లు రెండు అచ్చం ఒకేలా ఉండవు. గ్రిడ్డు తీగ అరంగుళం జరిగితే చాలు, ఈల మొదలు. పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1936 ప్రాంతంలో లండన్‌లో ప్రింటెడ్ సర్క్యూట్‌తో రేడియో చేసి చూపాడు. ట్రాన్సిస్టరు తోడయ్యాకే ఆ ఆలోచన ఇంటింటికీ చేరింది. ట్రాన్సిస్టరుకు ఆ సెగ లేదు, మాటిమాటికీ పీకే పనీ లేదు. రేడియో ఇల్లు దాటి శెనక్కాయ చేలకు పోయింది దాని పుణ్యమే. ఇవాళ రేణిగుంట, ఏర్పేడు ఫ్యాక్టరీలలో తయారయ్యే సరుకును చేత్తో తీగలు చుట్టి చెయ్యమంటే ఒక్కటీ గేటు దాటదు. తప్పల్లా బోర్డును వాల్వు కింద పెట్టడంలోనే ఉంది.

పాత సెట్టులో నిజంగా చెడేవి పేపర్ కండెన్సర్లు. ముఖ్యంగా అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు వెళ్లేది. అది లీకయితే వాల్వూ పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరూ పోతుంది. చేతి వైరింగు కాబట్టి ఒక కాలు కత్తిరించి, మీటరు పెట్టి చూసి, కొత్తది వెయ్యొచ్చు. మిగతా తీగల జోలికి పోనక్కర్లేదు.

బ్లూటూత్ కావాల్సిందే అంటారా? చాలా సెట్లకు వెనకాల గ్రామఫోను కోసం పెట్టిన పికప్ సాకెట్లు ఉంటాయి, అక్కడ కలపొచ్చు. కానీ ముందు వాల్వుల పేర్లు చదవండి. యూసీహెచ్ 81, యూఎల్ 84 అంటూ 'యూ'తో మొదలైతే అది ఏసీ/డీసీ సెట్టు. అందులో షాసీకే నేరుగా మెయిన్స్ కరెంటు రావొచ్చు. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు, ఫోను వైరు అసలే తగిలించొద్దు.