ఎడారి ఒడ్డున నాలుగు రాత్రులు: ఎందుకు పోవల్ల, ఎట్ల పోవల్ల

ఒమన్‌లో ఉండే అక్కా బావల దగ్గరికి పోయినప్పుడల్లా మేము మస్కట్‌లో మాల్‌లు తిరగకుండా సముద్రం ఒడ్డున గుడారాలు వేసుకుంటామని చెప్తే, కోలారు వైపు మన చుట్టాలు రెండే మాటలు అడుగుతారు. "ఇంట్లో మంచాలుండగా ఇసుకలో ఎందుకు పడుకోవల్ల?" అనేది ఒకటి. "ఆ దుడ్డుతో తిరుపతికి పోయి రావచ్చు గదా?" అనేది రెండోది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. నవ్వి ఊరుకోకుండా జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. తెలుగు సీమ బయట తరాలుగా ఉండి, మళ్ళీ అక్కడినుంచి కూడా చెదిరిపోయిన మనలాంటి కుటుంబాలకు, ఏడాదికి ఒకసారి ఎడారి ఒడ్డున నాలుగు రాత్రులు కలిసి ఉండడం మూడు పెళ్ళిళ్ళకు పోయిన దానికంటే ఎక్కువ మేలు చేస్తుంది. కాకపోతే దాన్ని ఇంటి పనిలాగా చెయ్యాలి, సాహసంలాగా కాదు.

ముందు ఆ చోటు గురించి. ఒమన్ తీరం 1,700 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. మేము పొయ్యేది తూర్పు వైపు, రాస్ అల్ హద్ నుంచి అల్ అష్ఖరా మీదుగా కిందికి, ఖలూఫ్ దగ్గరి తెల్ల ఇసుక దిబ్బల దాకా. ఒక పక్క ఇసుక, ఇంకో పక్క అరేబియా సముద్రం. గుడారం వేసే చోట నీడ లేదు, మంచినీళ్ళు లేవు, అంగడి లేదు. చాలా చోట్ల ఫోనుకు సిగ్నల్ కూడా ఉండదు. మన ఊళ్ళకు వాన తెచ్చే నైరుతి గాలే ఎండాకాలంలో అక్కడి సముద్రాన్ని రేపుతుంది. అందుకే పోతే అక్టోబరు దాటినాక పోవాలి, మార్చి లోపల తిరిగి రావాలి.

ఇట్లాంటి చోట తెలుగుకు ఏం పని అంటారా? పని ఉండేది అక్కడే.

మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు బడిలో నేర్పలేదు, కన్నడ అక్షరాల పోలికతో ఇంట్లో కూడబలుక్కున్నాం. అయినా మాట పోలేదు. ఎందుకు పోలేదంటే వంటింట్లో, పొలంలో, పశువుల కొట్టంలో పని తెలుగులో జరిగేది. పని చెయ్యాలంటే మాట కావాలి. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మన పిల్లోళ్ళతో మాట్లాడే తెలుగు లెక్క పెట్టండి. తిను, లెయ్, స్నానం చెయ్, ఫోను పెట్టెయ్, పడుకో. ఈ ఐదు మాటలతో భాష ఎన్నాళ్ళు బతుకుతుంది?

ఒడ్డున గుడారం వేసేటప్పుడు మాటలు వాటంతట అవే వస్తాయి. గాలి ఎటునుంచి కొడుతుందో చూసి పొయ్యికి మాటు కట్టాలి. మేకు ఇసుకలో నిలవకపోతే సంచిలో ఇసుక నింపి, తాడు బిగించి, దాన్ని పాతిపెట్టాలి. ముడి ఎట్ల వేస్తే గట్టిగా ఉంటుంది, ఎట్ల వేస్తే సులభంగా ఊడుతుంది అనేది మా అమ్మమ్మకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలీదు. ఆవుల్ని కట్టిన చెయ్యి అది. పదేళ్ళ మేనకోడలు "మాటు అంటే ఏంది అవ్వా?" అని అడిగింది. అవ్వ చెప్పలేదు, చీర కొంగు అడ్డం పట్టి మంటను చూపించింది. ఆ పిల్ల ఇప్పుడు మస్కట్ ఇంట్లో ఫ్యానుకు కూడా మాటు పెట్టమంటుంది.

రాత్రి ఇంకా మేలు. బెంగళూరు వెలుతురులో నక్షత్రాలు లేవు. అక్కడ డిసెంబరు రాత్రి నెత్తి మీద పిల్లలకోడి కనిపిస్తుంది. కృత్తికలకు మన పల్లెల్లో ఉండే పేరు అది. పుస్తకంలో చదివిస్తే ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేస్తారు. ఇసుకలో వెల్లకిలా పడుకుని చూపిస్తే ఆ పేరు మరిచిపోరు. పొద్దున చేపలోళ్ళ దగ్గర వంజరం కొంటే దాన్ని వాళ్ళు కనాద్ అన్నారు. కన్నడ మీడియం వాళ్ళం, మేము పగలబడి నవ్వినాం. ఆ చేప పులుసులోకి కోలారు నుంచి తెచ్చుకున్న రాగిపిండితో సంగటి చేసుకున్నాం.

ఇంక ఆక్షేపణలు. మొదటిది, అపాయం. ఇది ఉత్త భయం కాదు. మేము చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఏది ఎట్ల చెడిపోతుందో ముందే ఆలోచించడమే మా కూడు. ఆ అలవాటుతో పెట్టుకున్న నియమాలు ఇవి. ఒక్క బండితో పోకూడదు, రెండుండాలి. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగానికి తగ్గించాలి, తారు రోడ్డెక్కేముందు మళ్ళీ నింపాలి. సబ్‌ఖా అనే ఉప్పు నేల పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద బురద, బండి దిగబడితే లాగడం కష్టం. అందుకే పాత చక్రాల జాడ వదిలి పోకూడదు. వాదీల్లో, అంటే ఎండిన వాగుల్లో, గుడారం వెయ్యకూడదు. ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ వరద వస్తుంది. పోటు ఎక్కడిదాకా వస్తుందో తడి గీత చూసి అంతకు పైన పడుకోవాలి. తలకు రోజుకు 5 లీటర్లకు తగ్గకుండా నీళ్ళు. పెద్దవాళ్ళ మాత్రలు రెండు సంచుల్లో, రెండు బండ్లలో. ఎక్కడికి పోతున్నాం, ఎప్పుడొస్తాం అనేది ఊళ్ళో ఒకరికి చెప్పి బయలుదేరాలి. ఇంత చెయ్యలేని వాళ్ళు పోవద్దని మేమే చెప్తాం.

రెండోది, ఆ ఒడ్డు మనది మాత్రమే కాదు. రాస్ అల్ హద్, రాస్ అల్ జింజ్ దగ్గర పచ్చ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 1996లో ఆ చోటును రక్షిత ప్రాంతం చేసినారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల తాబేలు వెలుతురు ఎక్కువుండే వైపు పాకుతుంది. మామూలుగా అది సముద్రం వైపు. మన టార్చి, మన నెగడు దాన్ని ఇసుక వైపు తిప్పుతాయి. కాబట్టి ఆ ఒడ్డున గుడారం వద్దు. చూడాలంటే అక్కడి గైడు వెంట పోయి, చెప్పినంత దూరంలో నిలబడి చూసి రావాలి. పిల్లోళ్ళకు ఫోటో లేకపోయినా ఫరవాలేదు.

మూడోది మాకు అన్నిటికంటే బరువైనది. ఈ సంబరం ఎవరికి దొరుకుతుంది? ఒమన్‌లో తెలుగువాళ్ళంటే కుటుంబంతో ఉండే ఇంజనీర్లే కాదు. జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు నుంచి పోయి, ఇంటోళ్ళను ఊళ్ళో వదిలి, ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉండేవాళ్ళు ఎందరో. సముద్రం పక్కనే ఉన్నా ఒక రోజు తీరిగ్గా కూర్చోవడానికి వాళ్ళకు కుదరదు. పోయినసారి బావకు తెలిసిన కడప డ్రైవరు ఒకాయనను సెలవు రోజు మాతో పిలుచుకుపోయినాం. ఆయన, అమ్మమ్మ కలిసి రాత్రి రెండు దాకా మాట్లాడినారు. ఇద్దరి మాటా ఒకటే యాస. పిల్లోళ్ళు అంత తెలుగు ఒకేసారి వినడం అదే మొదలు. రెండో బండిలో ఒక సీటు ఖాళీ ఉంటే, అది ఇట్లాంటి మనిషికి ఇవ్వాలని మా కోరిక.

"అయినా మనకూ ఆ ఎడారికీ ఏం సంబంధం?" అనేవాళ్ళకు ఒక సంగతి. 2021 సెప్టెంబరు 26న శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర గులాబ్ తుపాను తీరం దాటింది. దక్కను మీదుగా పోయి, అరేబియా సముద్రంలో మళ్ళీ బలం పుంజుకుని, షాహీన్ అనే పేరుతో అక్టోబరు 3న ఒమన్‌ను కొట్టింది. సూర్ ఓడరేవులో పడవలు కట్టే టేకు మలబారు నుంచి పొయ్యేది. గాలికి, కర్రకు లేని దూరం మన మనసులోనే ఉంది.

పచ్చ తాబేలు పెద్దదయినాక, తాను పుట్టిన ఒడ్డు వైపుకే వచ్చి గుడ్లు పెడుతుంది. మనం అట్ల కాదు. మన పెద్దలు బయలుదేరిన ఊళ్ళకు మనం తిరిగి పోలేదు, పొయ్యేదీ లేదు. మనకు ఒడ్డు కలిసి చేసే పనిలోనే ఉంది.

తిరుపతికి కూడా పోదాం, ఎవరు వద్దన్నారు? కానీ గల్ఫ్‌లో మనవాళ్ళుండి, అక్కడికి ఎట్లాగూ పొయ్యే ఇండ్లు ఈ చలికాలంలో ఒకసారి చేసి చూడండి. ప్రతి పిల్లకు, పిల్లోడికి ఒక పని అప్పగించండి. మేకులు ఒకరికి, నీళ్ళ లెక్క ఒకరికి, పొయ్యి ఒకరికి. పని చెప్పేది మాత్రం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళు చెప్పాలి, వాళ్ళ మాటలోనే చెప్పాలి. అర్థం కాకపోతే చేసి చూపించాలి, ఇంగ్లీషులోకి మార్చి చెప్పొద్దు. తిరిగొచ్చినాక పిల్లోళ్ళ నోట కొత్తగా ఎన్ని మాటలు వచ్చినాయో రాసుకోండి. మా ఇంట్లో ఆ పట్టీ రెండో పేజీకి వచ్చింది.