నాయకులు ఓడారు, మిల్లు నిలిచింది: నార్త్ డకోటా రైతుల చరిత్ర

వ్యవసాయ రంగం నుంచి ప్రభుత్వం తప్పుకోవాలని వాదించేవాళ్లు ప్రతిసారీ అమెరికాను చూపిస్తారు. అక్కడ అంతా ప్రైవేటే, అందుకే రైతు బాగున్నాడు అంటారు. వాళ్లు నార్త్ డకోటా పేరు మాత్రం ఎత్తరు. కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ గోధుమల రాష్ట్రంలో రాష్ట్ర ప్రభుత్వ యాజమాన్యంలో ఒక బ్యాంకు, ఒక పిండిమిల్లు వందేళ్లకు పైగా నడుస్తున్నాయి. ఆ రెండింటినీ సాధించింది రైతు సంఘం. ఎలా సాధించింది, సాధించిన వాళ్లు ఓడిపోయినా అవి ఎలా నిలిచాయి అన్నది మన సంఘ సభ్యులందరూ తెలుసుకోవలసిన చరిత్ర.

ఎవరి భూమి, ఎవరికి పంచారు

నార్త్ డకోటాలో మొదటి రైతులు యూరప్ నుంచి వచ్చినవాళ్లు కాదు. మిస్సోరి నది ఒడ్డున మాండన్, హిదాత్సా, అరికారా జాతుల ప్రజలు మట్టి ఇళ్లతో ఊళ్లు కట్టుకుని, నది ఒండ్రు నేలల్లో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు పండించేవారు. సాగు ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉండేది. తరువాతి కాలంలో ఆస్కార్ విల్ అనే విత్తన వ్యాపారి హిదాత్సా వాళ్ల దగ్గర తీసుకున్న చిక్కుడు గింజల నుంచే 'గ్రేట్ నార్తర్న్' రకాన్ని అమ్మకానికి తెచ్చాడు. అమెరికాలో ఇప్పటికీ దాన్ని పండిస్తున్నారు.

బొచ్చు వర్తకంతో మొదలైన తెల్లవాళ్ల రాకతో పాటు మశూచి కూడా వచ్చింది. 1837లో అది మాండన్ జాతిని కొద్ది నెలల్లో దాదాపు తుడిచిపెట్టింది. మిగిలిన జాతులను ఒప్పందాల మీద ఒప్పందాలు రాయించుకుని, వాటిని ఉల్లంఘించి, రిజర్వేషన్లు అనే హద్దుల్లోకి నెట్టారు. ఆ తరువాతే ఆ నేల 'ఖాళీ భూమి' అయింది.

1861లో డకోటా టెరిటరీ ఏర్పడింది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం వచ్చింది. అయిదేళ్లు కాపురం ఉండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా ఇచ్చారు. రైతుకు 160 ఎకరాలు ఇచ్చిన ఆ ప్రభుత్వమే నార్తర్న్ పసిఫిక్ రైల్వే కంపెనీకి ఈ ఒక్క రాష్ట్రంలో కోటి ఎకరాలకు పైగా కట్టబెట్టింది. 1873లో ఆర్థిక సంక్షోభం వచ్చి కంపెనీ కుప్పకూలినప్పుడు, దాని బాండ్లు కొన్నవాళ్లు బాండ్లకు బదులు భూములు తీసుకున్నారు. రెడ్ రివర్ లోయలో వేల ఎకరాల 'బొనాంజా' క్షేత్రాలు ఆ విధంగానే పుట్టాయి. యజమాని ఎక్కడో నగరంలో ఉండేవాడు, పొలంలో మేనేజరు, కోతల కాలంలో వలస కూలీలు ఉండేవారు. మన కాలంలో కార్పొరేట్ సేద్యం అంటున్నది 1870ల నాటికే అక్కడ ఉంది.

నార్వే నుంచి, రష్యాలో స్థిరపడిన జర్మన్ల నుంచి చిన్న రైతులు తండోపతండాలుగా వచ్చారు. చెట్లు లేని మైదానంలో గడ్డి వేళ్లతో కూడిన మట్టి పెళ్లలతో ఇళ్లు కట్టుకున్నారు. 1880లో 36,909గా ఉన్న జనాభా 1890 నాటికి 1,90,983 అయింది. 1889లో రాష్ట్రం ఏర్పడింది.

కాటా దగ్గర దోపిడీ

పండించింది గోధుమ, అదీ శ్రేష్ఠమైన గట్టి గోధుమ. దాన్ని కొనే మిల్లులు, ధర పెట్టే ధాన్యం ఎక్స్ఛేంజీ మాత్రం పక్క రాష్ట్రం మిన్నెసోటాలోని మినియాపొలిస్‌లో ఉండేవి. తీసుకెళ్లే రైలు ఒక కంపెనీది. రైలు స్టేషన్ పక్కన ధాన్యం నిల్వ చేసే ఎలివేటర్లు చాలావరకు ఆ మిల్లులకు, వ్యాపారులకు చెందినవి. అప్పు ఇచ్చే బ్యాంకుకు కూడా ఆ నగరంతోనే లావాదేవీలు.

ఎలివేటర్ దగ్గర ఏం జరిగేదో మన మార్కెట్ యార్డులో నిలబడిన ఏ రైతుకైనా విడమరచి చెప్పనక్కర్లేదు. మట్టి, చెత్త ఉందని తరుగు తీసేవారు. గింజ నొక్కుకుపోయిందని గ్రేడు తగ్గించేవారు. అలా తక్కువ గ్రేడులో కొన్న సరుకును మేలురకంతో కలిపి ఎక్కువ గ్రేడు కింద అమ్ముకునేవారు. రాష్ట్ర వ్యవసాయ కళాశాలలో రసాయన శాస్త్రవేత్త ఎడ్విన్ లాడ్ ఈ గోధుమలను మర ఆడించి, రొట్టెలు చేయించి పరీక్షించాడు. నాసిరకం అని నామమాత్రపు ధర ఇచ్చిన గోధుమ నుంచి కూడా మంచి పిండే వస్తోందని తేల్చాడు. రైతు ఏళ్లుగా నోటితో చెబుతున్న మాటకు లెక్కల్లో రుజువు దొరికింది.

రాష్ట్రమే ఒక టెర్మినల్ ఎలివేటర్ కట్టాలని రైతులు కోరారు. అందుకు వీలుగా రాజ్యాంగ సవరణలకు 1912లో, 1914లో ఓటర్లు ఆమోదం తెలిపారు. 1915లో శాసనసభ ఆ పని చేయడానికి నిరాకరించింది. నచ్చజెప్పడానికి బిస్మార్క్ నగరానికి వచ్చిన రైతులతో, 'ఇంటికి పోయి పందులకు కుడితి పోసుకోండి' అని ఒక శాసనసభ్యుడు అన్నాడన్న మాట రాష్ట్రమంతా పాకింది. తాను అలా అనలేదని ఆయన తరువాత చెప్పుకున్నాడు. అన్నా అనకపోయినా, శాసనసభ చేసిన పని అదే అర్థం ఇచ్చింది కాబట్టి ఆ మాట నిలిచిపోయింది.

ఓటును పనిముట్టు చేసుకున్న తీరు

ఆర్థర్ టౌన్లీ అవిసె పంట వేసి, వాతావరణం, ధర రెండూ దెబ్బ కొట్టి నిండా అప్పుల్లో మునిగిన రైతు. 1915లో ఆయన ఇంటింటికీ తిరిగి నాన్‌పార్టిజన్ లీగ్ అనే సంఘాన్ని కట్టాడు. కార్యకర్తలకు ఫోర్డ్ కార్లు ఇచ్చాడు. సభ్యత్వ రుసుము వసూలు చేశాడు. చేతిలో డబ్బు లేని రైతు దగ్గర పంట వచ్చాక చెల్లేలా ముందు తేదీతో చెక్కు రాయించుకున్నాడు. రుసుము కట్టిన ప్రతి ఇంటికీ సంఘం పత్రిక వెళ్లేది. 1916 నాటికి సభ్యులు సుమారు 40 వేలు.

కొత్త పార్టీ పెట్టలేదు. అధికారంలో ఉన్న రిపబ్లికన్ పార్టీ ప్రాథమిక ఎన్నికల్లోనే తమ రైతులను నిలబెట్టి గెలిపించుకున్నారు. కోరికలు అయిదే: రాష్ట్ర యాజమాన్యంలో ఎలివేటర్లు, పిండిమిల్లులు, మాంసం కర్మాగారాలు, శీతల గిడ్డంగులు, ప్రభుత్వ గ్రేడింగ్, తనిఖీ, పొలంలో చేసుకున్న అభివృద్ధికి పన్ను మినహాయింపు, వడగళ్ల నష్టానికి ప్రభుత్వ బీమా, లాభాపేక్ష లేని గ్రామీణ రుణ బ్యాంకులు. ఎవరైనా వేళ్ల మీద లెక్కపెట్టగలిగే జాబితా అది. హూపుల్ అనే చిన్న ఊరి రైతు లిన్ ఫ్రేజియర్ నూటికి దాదాపు 79 ఓట్లతో 1916లో గవర్నర్ అయ్యాడు. 1918లో రెండు సభలూ లీగ్ చేతికి వచ్చాయి. 1919లో బ్యాంక్ ఆఫ్ నార్త్ డకోటా, రాష్ట్ర మిల్లు, ఎలివేటర్ సంస్థ, వడగళ్ల బీమా, కార్మికులకు ప్రమాద పరిహారం చట్టాలయ్యాయి.

ఓటమిలో నిలిచినవి

ఎదురుదాడి వెంటనే మొదలైంది. ప్రపంచ యుద్ధ కాలంలో లీగ్‌ను దేశద్రోహుల ముఠా అన్నారు. టౌన్లీ మీద మిన్నెసోటాలో కేసు నడిచింది, 1921లో జైలుకు వెళ్లాడు. రాష్ట్ర బాండ్లు కొనడానికి పెద్ద బ్యాంకులు ముందుకు రాలేదు. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదని కోర్టుకు వెళ్లారు, కానీ 1920లో సుప్రీంకోర్టు రాష్ట్రం పక్షానే తీర్పు ఇచ్చింది. యుద్ధం ముగిశాక గోధుమ ధర పడిపోయింది. లీగ్‌లో చీలికలు వచ్చాయి, నాయకుల మీద సొంతవాళ్లే తిరగబడ్డారు. ప్రభుత్వ గృహనిర్మాణ పథకంలో లీగ్ నాయకుడు విలియం లెమ్కే సొంత ఇల్లు పెద్దగా కట్టుకోవడం ప్రత్యర్థులకు ఆయుధమైంది.

1921 అక్టోబరులో రీకాల్ ఎన్నిక జరిగింది. సుమారు నాలుగు వేల ఓట్ల తేడాతో ఫ్రేజియర్ పదవి పోయింది. అమెరికా చరిత్రలో ప్రజలు ఓటుతో వెనక్కి పిలిచిన మొదటి గవర్నర్ ఆయనే. ఆయనతో పాటు లెమ్కే, వ్యవసాయ శాఖ అధిపతి జాన్ హేగన్ కూడా పదవులు కోల్పోయారు.

ఆ రోజే ఓటర్ల ముందు మరికొన్ని ప్రతిపాదనలు కూడా ఉన్నాయి. బ్యాంకును మూసివేయడం వాటిలో ఒకటి. ప్రజలు నాయకులను దించేశారు కానీ బ్యాంకును మూయనివ్వలేదు. మరుసటి ఏడాది గ్రాండ్ ఫోర్క్స్‌లో మిల్లు తెరుచుకుంది.

ఈ చరిత్రలో మనం పట్టుకోవలసిన ముడి ఇక్కడుంది. నాయకుడి మీద కోపం వేరు, తన ధాన్యం తూచే కాటా వేరు అని ఆ ఓటర్లు తేడా చూశారు. చూడగలగడానికి కారణం, ఆ సంస్థలు ఎవరో పైనుంచి ఇచ్చిన వరం కాకపోవడమే. ఏ దోపిడీకి విరుగుడుగా ఏది పెట్టారో ప్రతి రైతుకూ తెలుసు. తరుగుకు విరుగుడు మిల్లు. వడ్డీకి విరుగుడు బ్యాంకు. ప్రభుత్వాలు ప్రకటించే తాయిలాలు ఆ ప్రభుత్వంతోనే పోతాయి. అవసరం తెలిసి కట్టుకున్న సంస్థ కట్టినవాడు పోయినా ఉంటుంది.

1930ల కరువు, ధరల పతనం వేల కుటుంబాల పొలాలను వేలానికి తెచ్చాయి. 1932లో రైతులు ప్రజా ఓటుతో, వ్యవసాయ భూమిని కార్పొరేషన్లు సాగు చేయరాదనే చట్టం తెచ్చుకున్నారు. లీగ్‌ను తిరిగి నిలబెట్టిన గవర్నర్ విలియం లాంగర్ జప్తులపై మారటోరియం విధించి, వేలాలు ఆపడానికి నేషనల్ గార్డును పంపాడు. అప్పటికి సెనేటర్ అయిన ఫ్రేజియర్, కాంగ్రెస్‌కు వెళ్లిన లెమ్కే కలిసి 1934లో దేశమంతటా వర్తించే రైతు దివాలా చట్టం తెచ్చారు. సుప్రీంకోర్టు కొట్టేస్తే సవరించి మళ్లీ తెచ్చారు, 1937లో అది నిలబడింది. రాష్ట్రంలో ఓడిన మనుషులు వెనుదిరగలేదు.

లెక్క సరిగా చూద్దాం

ఇదంతా స్వర్గం అని చెప్పడం అబద్ధమవుతుంది. మిల్లు మొదటి దశాబ్దాల్లో చాలా ఏళ్లు నష్టాల్లో నడిచింది. నేడది అమెరికాలోనే అతి పెద్ద పిండిమిల్లుల్లో ఒకటి, లాభంలో కొంత రాష్ట్ర ఖజానాకు జమ చేస్తోంది. బ్యాంకు స్థానిక బ్యాంకులతో కలిసి రైతులకు రుణాలు ఇస్తోంది. అయినా ఒక మిల్లు ప్రపంచ గోధుమ ధరను నిర్ణయించలేదు. 1935లో 84 వేలు దాటిన కమతాలు ఇప్పుడు సుమారు 25 వేలు. కార్పొరేట్ సేద్య నిషేధాన్ని పాడి, పందుల పెంపకం విషయంలో సడలిస్తూ శాసనసభ చేసిన చట్టాన్ని 2016లో ఓటర్లు నాలుగింట మూడొంతుల మెజారిటీతో తిప్పికొట్టారు. 2023లో శాసనసభ పశుపోషణకు మళ్లీ సడలింపు ఇచ్చింది. అంటే కాపలా ఒక్కసారి కాసి వదిలేసేది కాదు.

మరో లోటు మరింత లోతైనది. రైతు ప్రభుత్వం వచ్చినా, ఆ నేల తొలి రైతులకు న్యాయం దక్కలేదు. 1947లో మొదలైన గారిసన్ ఆనకట్ట ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లో లక్షన్నర ఎకరాలకు పైగా ముంచేసింది. అవి మాండన్, హిదాత్సా, అరికారా ప్రజల ఒండ్రు సాగు నేలలు. 1948లో ఒప్పందంపై సంతకం పెడుతున్నప్పుడు ఆ జాతుల మండలి అధ్యక్షుడు జార్జ్ గిలెట్ కళ్లజోడు తీసి ముఖం కప్పుకుని ఏడ్చిన ఫొటో చరిత్రలో ఉంది. తన పొలం జప్తు అవుతుంటే కదిలిన సమాజం, పక్కవాడి పొలం మునుగుతుంటే కదలలేదు. రైతు ఉద్యమానికి ఇది మచ్చ. ఏ రైతు సంఘమైనా దీన్ని తన గోడ మీద రాసి పెట్టుకోవాలి.

సంఘం ముందున్న పని

నార్త్ డకోటా నుంచి నకలు చేయమని నేను అనడం లేదు. 160 ఎకరాల గోధుమ రైతు పరిస్థితి వేరు, రెండెకరాల కౌలు రైతు పరిస్థితి వేరు. కానీ పద్ధతి నేర్చుకోవచ్చు. మన కోరికల పత్రాల్లో మాఫీ, పరిహారం, బోనస్ మొదటి వరుసలో ఉంటాయి. అవి అవసరమే, ప్రాణం పోయేవాడికి ముందు నీళ్లు కావాలి. అయితే ప్రతి కోరిక పక్కన మరో ప్రశ్న రాసుకోవాలి: మళ్లీ ఈ గతి పట్టకుండా అడ్డుపడే సంస్థ ఏది? కాటా ఎవరిది? గోదాము ఎవరిది? గ్రేడు నిర్ణయించేది ఎవరు? ఆ ప్రశ్నలకు జవాబులు అయిదు వాక్యాల్లో, ప్రతి సభ్యుడి నోటికి వచ్చేలా ఉండాలి. లాడ్ లాగా తరుగును లెక్కగట్టి రుజువు చేసే శాస్త్రవేత్తలను మన వైపు తెచ్చుకోవాలి. సభ్యత్వ రుసుము క్రమంగా వసూలు కావాలి, పత్రిక ప్రతి ఇంటికీ చేరాలి. నాయకుల లెక్కలు సభ్యుల ముందు తెరిచి ఉండాలి. లెమ్కే ఇల్లు చేసిన నష్టం బ్యాంకు శత్రువులు కూడా చేయలేకపోయారు.

గెలిచినప్పుడు ఏం కట్టామో, ఓడినప్పుడు అదే మనల్ని కాపాడుతుంది. వచ్చే మహాసభ తీర్మానాలు రాసే ముందు మండల కమిటీలు ఈ ప్రశ్నల మీద ఒక పూట కూర్చుని చర్చించాలని కోరుతున్నాను.