ముందు ప్రతి, పిమ్మట పరీక్ష

కంప్యూటరులోని హార్డ్ డిస్కు ఎన్నడును లేని చప్పుడు చేయ నారంభించినపుడు, గృహస్థులైనను, వ్యాపారులైనను, కార్యాలయోద్యోగులైనను సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న దానిని బాగుచేయుటకు ఎంత యగునన్నది. ఆ ప్రశ్న సహజమే కాని సమయోచితము కాదు. డిస్కు అంగడిలో దొరకును. అందు నిక్షిప్తమై యున్న పెండ్లి ఫోటోలు, బిడ్డల పసితనపు వీడియోలు, వ్యాపారపు లెక్కలు, అచ్చునకు సిద్ధమైన గ్రంథములు ఏ యంగడిలోను దొరకవు. కావున చప్పుడు చెవిని పడిన వెంటనే చేయవలసినది డిస్కునకు మరమ్మతు కాదు, అందలి సమాచారమునకు వేఱొక ప్రతి తీసి రక్షించుట. లోపమెచ్చటనో నిర్ణయించుట దాని తరువాతి పని. ఈ వరుస తలక్రిందగుట వలననే మన యిండ్లలోను, దుకాణములలోను తిరిగి రాని నష్టములు నిత్యము సంభవించుచున్నవని నా నిశ్చితాభిప్రాయము.

ఈ వరుస ఏల ముఖ్యమో గ్రహించుటకు ఆ పెట్టె లోపల జరుగు పని యెట్టిదో కొంత తెలియవలెను. 1956లో ఐబీఎం సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రమునందు 24 అంగుళముల వ్యాసము గల పళ్లెరములు 50 ఉండెడివి. ఇంచుమించు ఒక టన్ను బరువు తూగిన ఆ యంత్రము 50 లక్షల అక్షరములను మాత్రమే భద్రపరచగలిగెడిది. అంతకు లక్షల రెట్లు సమాచారమును మోయుచున్న నేటి డిస్కు అరచేత నిముడును. అందు అయస్కాంతపు పూత గల పళ్లెరములు నిమిషమునకు 5400 లేక 7200 పర్యాయములు పరిభ్రమించుచుండగా, చదువుటకును వ్రాయుటకును నియుక్తమైన హెడ్ అను సూక్ష్మభాగము, పళ్లెరమును తాకక, కొన్ని నానోమీటర్ల యెత్తున మాత్రమే గాలిపొరపై తేలుచు సంచరించును. మనుజుని తలవెంట్రుక మందము ఇంచుమించు 80,000 నానోమీటర్లన్నచో ఆ యెడమెంత స్వల్పమో ఊహింపవచ్చును. నిమిషమునకు 7200 పర్యాయములు తిరుగు పెద్ద డిస్కు పళ్లెరపు అంచు గంటకు 100 కిలోమీటర్లకు మించిన వేగముతో హెడ్ క్రింద సాగుచుండును. ఇట్టి సున్నితమైన యేర్పాటులో ఏదేని యొకటి తప్పినపుడు, చప్పుడు వినబడిన పిమ్మట గడచు ప్రతి నిమిషమును నష్టమును పెంచునదే గాని తగ్గించునది కాదు.

అయినను చప్పుళ్లన్నియు ఒక్క జాతివి కావు. సమాచారమును వెదకునపుడు పుట్టు సన్నని కరకర పలు డిస్కులకు సహజము. అది మొదటినుండియు నున్నదైనచో దిగులు పడ నక్కరలేదు. దుమ్ము పట్టిన ఫ్యాను రొదయు, వదులైన స్క్రూల వలన పెట్టె యంతయు అదరుటయు డిస్కు ధ్వనులేమో యను భ్రాంతి గొల్పును. కంప్యూటరును ఆపి, డిస్కు కేబుళ్లు విప్పి, మరల నడిపినపుడును రొద పోనియెడల దోషము డిస్కుది కాదు. కాని నియమము తప్పక టిక్కు టిక్కుమని వినవచ్చు ధ్వని వేఱు. పళ్లెరముపై దారి తెలియుటకై కర్మాగారముననే వ్రాయబడిన గుర్తులను హెడ్ చదువలేక, తన స్థానమునకు మరలి, మరల యత్నించి, మరల విఫలమగుచుండుటయే దానికి సామాన్యమైన కారణము. విద్యుత్తు చాలనపుడును ఇట్టి ధ్వని పుట్టవచ్చును గనుక, యూఎస్‌బీ ద్వారమున నడచు పోర్టబుల్ డిస్కు టిక్కుమన్నచో కేబులును, పోర్టును ఒక్కసారి మార్చి చూచుట యుక్తము.

కందెన లేని బండియిరుసు వలె కీచుమను ధ్వని బేరింగు అరుగుదలకు సూచన; ఇటీవలి డిస్కులలో బాల్ బేరింగులకు మారుగా ద్రవపు బేరింగులు వచ్చుటచే ఇది అరుదైనది. మోటారు తిరుగబోయి తిరుగలేక బీప్ మన్నచో, హెడ్ పళ్లెరమునకు అంటుకొని యుండవచ్చును. ఇక బరబర గీరుచున్నట్టి ధ్వని యన్నింటికంటె దారుణమైనది. హెడ్ పళ్లెరమును తాకి, సమాచారమును మోయుచున్న పూతనే గీకివేయుచున్నదని దాని యర్థము.

చెవిని మాత్రమే నమ్మక, డిస్కు తన స్థితిని గూర్చి తానే వ్రాసికొను లెక్కలను కూడ చూడవచ్చును. స్మార్ట్ అను పేర ప్రసిద్ధమైన ఆ లెక్కలను క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరపై చూపును. పళ్లెరముపై సెక్టార్లను చిన్న భాగములలో చెడినవానికి మారుగా వేఱువానిని ఎన్నిమార్లు వాడవలసి వచ్చెనో తెలుపు రీఎలోకేటెడ్ సెక్టార్ల సంఖ్యయు, చదువుటకు వీలుపడక నిలిచియున్న పెండింగ్ సెక్టార్ల సంఖ్యయు పెరుగుచున్నచో డిస్కు క్షీణించుచున్నట్లే. సమాచారము డిస్కునకును కంప్యూటరునకును నడుమ సాగుటలోని తప్పులను తెలుపు సీఆర్‌సీ లోపముల సంఖ్య యొక్కటియే పెరుగుచున్నచో దోషము తరచుగా కేబులుదై యుండును. అయితే ఈ లెక్కలు అపాయమును చాటినపుడు నమ్మవలెను గాని, అభయ మిచ్చినపుడు నమ్మరాదు. గూగుల్ సంస్థ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితములు ఈ సంగతిని విస్పష్టము చేసినవి. పళ్లెరపు పరిశీలనలో తొలి లోపము కనబడిన డిస్కు, అట్టి లోపము లేని దానికంటె, తరువాతి 60 దినములలో చెడిపోవు అవకాశము 39 రెట్లు అధికము. అయినను చెడిపోయిన డిస్కులలో మూడవవంతునకు మించినవి ఉష్ణోగ్రత మినహా ఏ లెక్కలోను ఏ సూచనయు చూపకయే పోయినవి. తెరపై కనబడు 'గుడ్' అను మాటను చూచి నిశ్చింతగా నుండువారు ఈ రెండవ సంగతిని మరువరాదు.

లోపమును నిర్ణయింపకయే ప్రతి తీయుమనుట తొందరపాటనియు, వదులైన కేబులు వంటి చిన్న కారణమునకు ఇంత యాందోళన మేలనియు కొందరు అనవచ్చును. ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని ఆందోళన నిరాధారమని తేలినను, తీసిన ప్రతి వ్యర్థము కాదు. ఆందోళన నిజమని తేలినచో, తీయని ప్రతికి పరిహారము లేదు. ఒక్క మినహాయింపు మాత్రము గలదు: గీరుచున్న ధ్వని వినబడినను, కేబులు మార్చినను టిక్కు టిక్కుమను ధ్వని ఆగకున్నను, హెడ్ పళ్లెరమునకు అంటినట్లు తోచినను ప్రతి తీయ యత్నించుట కూడ హానికరమే గనుక, తక్షణమే విద్యుత్తు నాపి, ధూళిరహితమైన గదియు, శిక్షణ పొందిన నిపుణులును గల డేటా రికవరీ కేంద్రమునకు పంపవలెను. తక్కిన సందర్భములలో మిగుల విలువైన ఫైళ్లను మొదట, తక్కినవానిని పిమ్మట వేఱు డిస్కులోనికి ఎత్తవలెను. నేర్పరులు వాడు డీడీరెస్క్యూ వంటి సాధనము సులభముగా చదువబడు భాగములను ముందు గ్రహించి, మొండి భాగములను చివరకు వదలుటలోని వివేకము ఇదియే.

ఇందులకు విరుద్ధముగా వాడుకలో నున్న చర్యలను నిస్సంకోచముగా ఖండింపవలసి యున్నది. మరమ్మతు దుకాణమున ఫార్మాట్ చేసి చూతమనుట, చెక్ డిస్క్ అను ప్రోగ్రామును నడిపి గంటల తరబడి ఆ క్షీణించిన పళ్లెరమును త్రిప్పుట, డిస్కును తట్టుట, ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచుట, కుతూహలముతో మూత విప్పుట, ఇవి యన్నియు మిగిలిన కొద్దిపాటి యవకాశమును హరించునవే. చల్లబరచి తీసిన డిస్కులో నీటిచెమ్మ చేరును. విప్పిన డిస్కులో ధూళి చేరును. ఆ ధూళికణము హెడ్ తేలు యెడమునకు ఎన్నో రెట్లు పెద్దది. గ్యారంటీ ఉన్నదను ధైర్యమును పనికిరాదు. గ్యారంటీ సామాన్యముగా క్రొత్త డిస్కు నిచ్చును గాని పాత సమాచారము నీయదు.

తెలుగువారమగు మనకు ఇది మరింత గురుతరమైన విషయము. 1990ల నుండి మన పుస్తకములును, పత్రికలును వేలకొలదిగా డీటీపీ కేంద్రములలో పేజ్‌మేకరు నందు, 'అను' ఫాంటులతో కూర్పబడినవి. ఆ ఫైళ్లు నేటికిని ఎన్నో చిన్న ముద్రణాలయములలో, రచయితల యిండ్లలో, పాత కంప్యూటర్ల డిస్కులలో ఏకప్రతులుగా పడియున్నవి. కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు తాళపత్రప్రతులను సమకూర్చి, శుద్ధప్రతులు వ్రాయించిన సి. పి. బ్రౌను కృషి మనకు నేర్పిన పాఠము స్పష్టమైనది: పెక్కు ప్రతులు గల గ్రంథమే నిలుచును. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములు, ఒక ప్రతి వేఱొక చోట అని ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన నియమము ఆ పాఠమునకు నేటి రూపము. ప్రచురణకర్తలు తమ ఫైళ్లను యూనికోడునకు మార్చి ఈ నియమమును పాటింపవలెను. ఫోటో స్టూడియోలవారు పెండ్లి చిత్రములను అప్పగించునపుడు రెండవ ప్రతి యుంచుకొనుమని చెప్పవలెను. మరమ్మతుదారులు స్క్రూడ్రైవరు పట్టుటకు ముందు ప్రతి యున్నదా యని అడుగుటను తమ వృత్తిధర్మముగా భావింపవలెను.

నేడు క్రొత్త ల్యాప్‌టాప్‌లలో తిరుగు భాగమే లేని ఎస్ఎస్‌డీలు వచ్చుచున్నవి. అవి చప్పుడు చేయవు. చెడిపోవునపుడు ముందుగా ఏ హెచ్చరికయు వినిపింపక ఒక్కమారు మూగవోవచ్చును. చప్పుడు చేయు హార్డ్ డిస్కు మనకు కొంత వ్యవధి నైనను ఇచ్చుచున్నది; ఆ వ్యవధిని ధరలు విచారించుటలో పోగొట్టుకొనవలదు. చదువరులారా, మీ డిస్కు మ్రోగుచున్నను, మ్రోగకున్నను, మీకు మిగుల ప్రియమైన ఫైళ్లకు రెండవ ప్రతి యున్నదా యని నేడే చూచుకొనుడు. లేనియెడల, తక్కిన పనులను నిలిపి, ముందు ఆ ప్రతిని తీయుడు.