అచ్చు లేకపోతే మగ్గం నడవదు, మాటా నడవదు



మన షోలాపూర్ వాడల్లో ఇప్పుడు చాలామంది పిల్లలు ఇంగ్లీషు బడికే పోతున్నారు. సాయంత్రం ఇంటికొస్తే తండ్రి సాంచల మీద, తల్లి బీడీల చేట ముందు. "మాకే ఇంగ్లీషు రాదు, వీళ్లకేం చెప్తం?" అని అందరూ అనేదే. నేను చదివింది నాలుగో తరగతి, అదీ తెలుగులో. ఇంగ్లీషు అక్షరాలు మిల్లులో బేళ్ల మీద మార్కులు చూసి పట్టుకున్నా. అయినా మా మనవరాలితో రోజూ ఇంగ్లీషు ఆట ఆడతా. దానికి 26 అక్షరాలు గుర్తు పడితే చాలు. అర్థం పిల్లలు చెప్తారు, వెతకడం మనం చేస్తాం.

ఆట ఇట్ల ఉంటది. ఒక పెద్ద మాట తీసుకోవాలి. అక్షరాల వరస మార్చకుండా దాని కడుపులో ఏ చిన్న మాటలు దాక్కున్నాయో చూడాలి. మన పత్తినే చూడండి, కాటన్. సి-ఓ-టి, టి-ఓ-ఎన్. మొదటి మూడు అక్షరాలు కాట్, అంటే మంచం. తర్వాతి మూడు టన్, అంటే టన్ను. టవల్ రాస్తే నడుమ ఓ-డబ్ల్యు-ఇ వస్తది. ఓ అని పలుకుతారు, బాకీ పడటం అని అర్థం. టవల్ నేసేవాడికి ఆ మాట కొత్త కాదు! నాడెను షటిల్ అంటాం. దాని మొదటి నాలుగు అక్షరాలు షట్, అంటే మూత. ఆ మాట మన మిల్లుల గేట్ల మీద చాలా ఏళ్లు చూసినం.

పిల్లలకు ఇంకా ఇష్టమైన మాట టీచర్. టి-ఇ-ఎ-సి-హెచ్-ఇ-ఆర్, ఏడే అక్షరాలు. అందులో టీ ఉంది, టీచ్ ఉంది, ఈచ్ ఉంది, నొప్పి అనే అర్థమున్న ఏక్ ఉంది, హి ఉంది, హర్ ఉంది. ఏడు అక్షరాల్లో ఆరు మాటలు.

ఇక అచ్చుల సంగతి. మగ్గానికి అచ్చు ఉంటది, దాని సందుల్లోంచి పడుగు పోగులు పోతాయి. అచ్చు లేకపోతే పోగులన్నీ చిక్కుపడతాయి. ఇంగ్లీషు మాటకూ అచ్చే ఆధారం. ఎ, ఇ, ఐ, ఓ, యు, ఈ అయిదే. మనం గుణింతం గుర్తులతో చేసే పనంతా వాళ్లు ఈ అయిదింటితోనే లాగిస్తారు. అందుకే ఒకే 'ఎ' ఒక్కో మాటలో ఒక్కో తీరుగా పలుకుతది, మన పిల్లలు తికమక పడతారు.

మరి ఈ అయిదూ లేని మాటలు? ఉన్నాయి. స్కై, డ్రై, ఫ్లై, ట్రై. వీటిలో అచ్చు పని చేసేది 'వై'. మిల్లులో పర్మినెంటు మనిషి రాని రోజు అతని సాంచల మీద నిలబడే బద్లీ కామ్‌గార్ గుర్తున్నాడా? 'వై' అట్లాంటి బద్లీ. రిథమ్ అనే ఆరక్షరాల మాటను కూడా ఒక్కడే మోస్తాడు.

'క్యూ' మాత్రం ఒంటరిగా తిరగదు. వెనకాల 'యు' ఉండాల్సిందే. క్వీన్, క్విల్ట్, క్వాలిటీ ఏదైనా చూడండి. ఇరాక్, ఖతార్ లాంటి బయటి పేర్లలోనే ఆ జోడీ విడిపోతది. వరసలో నిలబడే క్యూ మాటలో అయిదు అక్షరాలు. మొదటిది పలుకుతది, మిగతా నాలుగూ నల్లా దగ్గర బిందెల లెక్క ఊరికే వరసలో నిలబడి ఉంటాయి.

ఈ అక్షరాల లెక్కతో ఒక ఆటే పుట్టింది. 1930లలో అమెరికాలో కరువు కాలం లాంటి మాంద్యం వచ్చింది. ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టుకు పని పోయింది. ఇంట్లో కూర్చొని న్యూస్ పేపర్లలో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తదో లెక్కపెట్టి ఆట తయారు చేసిండు. 1948లో దానికి స్క్రాబుల్ అని పేరు పెట్టారు. అందులో 100 బిళ్లలు. 'ఇ' ఎక్కువగా వాడే అక్షరం, అందుకే 12 బిళ్లలు, ఒక్కోదానికి ఒకే మార్కు. 'క్యూ', 'జెడ్' ఒక్కొక్కటే, కానీ పదేసి మార్కులు. పని పోయిన మనిషి చెయ్యి ఊరికే ఉండదని మనకు తెలియనిదా?

ఇది పిల్లల ఆట అని తీసి పెట్టకండి. ఈ చూపు అలవాటైతే మన కాగితాలకే పనికొస్తది. లక్ష్మి అనే పేరు చూడండి. ఒక కాగితంలో ఎల్-ఎ-ఎక్స్-ఎమ్-ఐ. ఇంకో కాగితంలో ఎల్-ఎ-కె-ఎస్-హెచ్-ఎమ్-ఐ. మన నోటికి రెండూ ఒక్కటే. కంప్యూటరుకు ఇద్దరు ఆడవాళ్లు. నర్సయ్య చివర ఒకరు రెండు 'వై'లు పెడతారు, ఇంకొకరు 'ఐ-ఎ-హెచ్' రాస్తారు. పైగా మనం ఇంటిపేరు ముందు చెప్తాం, మహారాష్ట్రలో చివర రాస్తారు, నడుమ తండ్రి పేరు. పీఎఫ్ కాగితంలో ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు, బ్యాంకు బుక్కులో మరో తీరు ఉంటే డబ్బు మనదే అయినా చేతికి రాదు. మనిషి ఉన్నప్పుడే దిద్దించుకోవడం సులువు. పోయినంక ఆ తిరుగుడంతా ఇంటామె మీద పడతది.

అందుకే ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో అందరి ఆధార్, బ్యాంకు బుక్కు, పీఎఫ్ కాగితాలు, పిల్లల బడి సర్టిఫికెట్లు చాప మీద పరచండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి సరిచూడండి. తేడా కనిపిస్తే చీటీ మీద రాసి పెట్టుకోండి. మగ్గం మీద తెగిన పోగు పట్టుకున్న కళ్లు మనవి, తప్పిన అక్షరం దొరక్కుండా పోదు.

పిల్లలకు ఈ నెల ప్రశ్న: టుగెదర్, అంటే కలిసికట్టుగా. టి-ఓ-జి-ఇ-టి-హెచ్-ఇ-ఆర్. వరస మార్చకుండా ఇందులో ఎన్ని మాటలున్నాయి? నాకు ఆరు దొరికాయి. ఏడోది దొరికితే రాయండి, మీ పేరు స్పెల్లింగుతో సహా.